జీబ్రా డానియో, లెపర్డ్ డానియో: రెండు జాతులా, ఒక్కటేనా?

గాజుతొట్టి, రాజమండ్రి:

అందరికీ నమస్తే. మా ఊళ్లో ఆక్వేరియం షాపులో పక్కపక్క తొట్లలో రెండు రకాల చేపలు అమ్ముతున్నారు. చారలున్న వాటి మీద జీబ్రా డానియో, కింద డానియో రెరియో అని రాశారు. చుక్కలున్న వాటి మీద లెపర్డ్ డానియో, కింద బ్రాకిడానియో ఫ్రాంకై అని ఉంది. పైగా ఈ చుక్కల చేపలకి రెక్కలూ తోకా పొడుగ్గా, పట్టుకుచ్చుల్లా వేలాడుతుంటాయి. రెండు రకాలూ కొనుక్కొచ్చి ఒకే ట్యాంకులో వేశాను. పొద్దున్న లైటు వేయగానే చారల మగవి చుక్కల ఆడవాటి వెంటపడి తరుముతున్నాయి. గుడ్లు కూడా పెడుతున్నాయి.

నా ప్రశ్న ఏంటంటే, ఇవి వేర్వేరు జాతులైతే పుట్టే పిల్లలు సంకరాలే కదా? వాటికి మళ్లీ పిల్లలు పుడతాయా? ఒకటే జాతి అయితే షాపువాళ్లు రెండు శాస్త్రీయ నామాలు ఎందుకు రాశారు? నెట్లో వెతికితే ఒక్కోచోట ఒక్కో పేరు. తెలిసినవాళ్లు చెప్పండి.

వైజాగ్ ట్యాంకులు:

ఒకటే జాతి అండీ. రెండూ డానియో రెరియోనే. ఫ్రాంకై అనేది పాత పేరు, ఇప్పుడు చెల్లదు. నిశ్చింతగా కలిపి పెంచుకోండి. హోల్‌సేల్ వాళ్ల జాబితాల్లో ఆ పాత పేరు ఇంకా తిరుగుతోంది, షాపువాళ్లు దాన్నే రాసుకుంటారు.

జువాలజీ టీచర్:

వైజాగ్ గారు చెప్పింది కరెక్టే. కాకపోతే దీని వెనక చాలా కథ ఉంది. మా డిగ్రీ పిల్లలకి వర్గీకరణ శాస్త్రం మొదలుపెట్టేటప్పుడు ఈ చేప గురించే చెబుతాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఈస్టిండియా కంపెనీలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానదీ, దాని ఉపనదుల చేపల మీద 1822లో ఒక పుస్తకం అచ్చువేశాడు. కోసీ నదిలో దొరికిన ఈ చిన్న చారల చేపకి అందులో సిప్రినస్ రెరియో అని పేరు పెట్టాడు. ఆ రోజుల్లో కార్పు పోలికలున్న చేప ఏది దొరికినా సిప్రినస్ అనే పెద్ద బుట్టలో వేసేవారు. తర్వాత అది డానియో ప్రజాతిలోకి, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపులోకి, వచ్చింది. 1916లో వెబర్, డి బోఫోర్ట్ అనే ఇద్దరు ఈ గుంపులోని చిన్న చేపల్ని విడదీసి బ్రాకిడానియో అనే ప్రజాతి కట్టారు. వెన్ను మీది రెక్కలో పుల్లలు తక్కువ, పక్కరేఖ (నీటి కదలికని పసిగట్టే ఒంటి పక్క గీత) పొట్టి లేదా అసలు లేదు, ఇలాంటి పైకి కనిపించే లక్షణాలే ఆధారం. అందుకే మన పెద్దల కాలం నాటి ఆక్వేరియం పుస్తకాల్లో బ్రాకిడానియో రెరియో అని ఉంటుంది.

ఇక చుక్కలది. 1963లో మైంకెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని బ్రాకిడానియో ఫ్రాంకై అనే కొత్త జాతిగా వర్ణించాడు. ఆయన చూసినవి ఆక్వేరియంలో పెరిగిన చేపలు. వాగులోనో చెరువులోనో పట్టినవి కావు. ఆ తర్వాత కూడా అడవి నీళ్లలో ఇలాంటి చుక్కల చేపల గుంపు ఎక్కడా దొరకలేదు. జీబ్రాతో జత కట్టిస్తే పిల్లలు పుట్టాయి, ఆ పిల్లలకి మళ్లీ పిల్లలు పుట్టాయి. అంటే ఇది వేరే జాతి కాదు, ఒక జన్యువులో మార్పు వచ్చిన జీబ్రా చేపే. ఒకే జాతికి రెండు పేర్లు పడితే ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. 1822 ముందు కాబట్టి రెరియో మిగిలింది, ఫ్రాంకై పర్యాయనామంగా పక్కకి పోయింది.

బ్రాకిడానియో సంగతీ అంతే. 1991లో మన జంతు సర్వే శాస్త్రవేత్త బర్మన్ భారత్, బర్మా ప్రాంతపు డానియోల్ని మళ్లీ పరిశీలించి దాన్ని డానియోలో కలిపేశాడు. 2003లో స్టాక్‌హోమ్ మ్యూజియంలో పనిచేసిన ఫాంగ్ ఫాంగ్ ఎముకలూ చారలూ మీసాలూ అన్నీ పోల్చి వంశవృక్షం గీసింది. చిన్నవీ పెద్దవీ అనే పాత విభజన ఆ వృక్షంలో నిలబడలేదు.

ల్యాబ్ నీళ్లు, హైదరాబాద్:

టీచర్ గారి పోస్టుకి కొనసాగింపు. నా పీహెచ్‌డీ పని జీబ్రాఫిష్ మీదే, కాబట్టి చారలు చుక్కలుగా ఎలా మారతాయో చెప్తాను.

ఈ చేప చర్మంలో ముఖ్యంగా మూడు రకాల రంగు కణాలుంటాయి. నల్లవి మెలనోఫోర్లు, పసుపువి జాంతోఫోర్లు, వెండిలా మెరిసేవి ఇరిడోఫోర్లు. నల్ల కణాలు గుమిగూడిన చోట ముదురు నీలం చార కనిపిస్తుంది. రెండు చారల మధ్య పసుపు, వెండి కణాలు పరుచుకుని లేత బంగారు పట్టీ అవుతుంది. ఈ చారలు ముందే గీసిపెట్టిన బొమ్మ కాదు. పిల్ల పెద్దదవుతుంటే ఈ కణాలు ఒకదాన్నొకటి తాకి, దగ్గరికి లాక్కుని, దూరంగా నెట్టుకుని, వాటంతట అవే సర్దుకుంటాయి. పక్కపక్క కణాలు అలా మాట్లాడుకోవడానికి వాటి పొరల్లో సన్నటి మార్గాలుంటాయి. ఆ మార్గాన్ని కట్టే ప్రోటీన్లలో ఒకటి కనెక్సిన్ 41.8. లెపర్డ్ చేపలో దెబ్బతిన్నది దాని జన్యువే. కణాలన్నీ ఉన్నాయి, వాటి మధ్య మాట సరిగా నడవడం లేదు. చార తెగిపోయి చుక్కలవుతుంది.

లెపర్డ్ గుణం అంతర్గతం. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు కాపీలూ వస్తేనే చుక్కలు కనిపిస్తాయి. పొడుగు రెక్కలది ఇంకో జన్యువు, అది బహిర్గతం, ఒక్క కాపీ చాలు. ఈ రెండు గుణాలూ కలిపి ఉన్న వంశాన్ని ల్యాబుల్లో టీఎల్ అంటారు. గాజుతొట్టి గారూ, మీ షాపులో పొడుగు రెక్కల లెపర్డ్ అని అమ్మేది చూడ్డానికి అచ్చం అదే.

కొర్రమట్ట, కరీంనగర్:

అన్నలు సైన్సు మంచిగ చెప్పిన్రు. నేను పిల్లలు తీసే పద్ధతి చెప్త.

జీబ్రాలకు గుడ్లు పెట్టుడు కష్టం కాదు, ఆ గుడ్లను కాపాడుడే కష్టం. ఇవి గుడ్లను దేనికీ అంటించయి, గూడు కట్టయి. నీళ్లల్ల చల్లుకుంట పోతయి, వెనక్కి తిరిగి అవే తింటయి. అందుకే చిన్న ట్యాంకు అడుగున రెండు మూడు పొరలు గోళీలు పరువాలె. నీళ్లు జానెడు చాలు. రాత్రి ఒక ఆడదాన్ని, ఇద్దరు మొగోళ్లను వేసి లైటు బంద్ చెయ్యాలె. ఆడది పొట్ట ఉబ్బి గుండ్రంగ ఉంటది, చారల నడుమ వెండి తీరు తెల్లగ ఉంటది. మొగది సన్నగ, చారల నడుమ బంగారి పసుపు కొడ్తది. తెల్లారి లైటు పడ్డ కొద్దిసేపట్లనే మొదలుపెడ్తయి. మొగది ఆడదాని పక్కకు వచ్చి ఒళ్లు ఆనిచ్చి వణుకుతది, గప్పుడు ఆడది గుడ్లు వదులుతది, మొగది పాలు (బీజం) వదులుతది. గింత సేపే. మళ్ల ఉరుకుడు, మళ్ల ఆనుడు. గుడ్లు గోళీల సందులకు జారిపోతయి, చేపల నోటికి అందయి. అయిపోంగనే పెద్ద చేపలను తీసెయ్యాలె.

తెల్లగ బూజు పట్టిన గుడ్లను డ్రాపర్‌తోని ఏరి పారేయాలె, లేకుంటే పక్క గుడ్లకు అంటుకుంటది. పిల్లలు ఈతకు వచ్చినంక ముందుగాల ఇన్ఫుసోరియా (కంటికి ఆనని నీటి జీవులు), తర్వాత అప్పుడే పొదిగిన ఆర్టీమియా (చిన్న ఉప్పునీటి రొయ్య పిల్లలు).

ల్యాబ్ నీళ్లు, హైదరాబాద్:

కొర్రమట్ట అన్నా, ఆ తెల్లారి సంగతి ల్యాబుల్లో కూడా అచ్చం అదే. లైటు వేసే టైమ్ బట్టే మా రోజు మొదలవుతుంది.

గాజుతొట్టి గారూ, మీ దగ్గర చిన్న మైక్రోస్కోప్, లేదంటే మంచి భూతద్దం ఉంటే ఆ గుడ్లను తప్పకుండా చూడండి. గుడ్డు సుమారు 0.7 మిల్లీమీటర్లు, గాజులా తేటగా ఉంటుంది. 28.5 డిగ్రీల నీళ్లలో మొదటి కణం ముప్పావుగంటకి రెండవుతుంది, ఆపైన దాదాపు పావుగంటకోసారి రెట్టింపు. కొద్ది గంటల్లో కణాలు సొన మీద టోపీలా పేరుకుని, కిందికి జారుతూ మొత్తం కప్పేస్తాయి. మర్నాడు అదే వేళకి కళ్లు, తోక, కొట్టుకునే గుండె కనిపిస్తాయి. తోక విదిలించడం కూడా చూడొచ్చు. రెండు మూడు రోజులకి గుడ్డులోంచి బయటపడుతుంది. అయిదో రోజుకి గాలితిత్తి నిండి సొంతంగా వేటాడుతుంది. మూడు నెలలకల్లా తనే గుడ్లు పెట్టే చేప.

తల్లి కడుపులో దాగకుండా, చర్మం అడ్డులేకుండా ఒక వెన్నెముక జీవి గుండె తయారవడం కళ్లతో చూడగలం. జార్జ్ స్ట్రైసింగర్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో ఈ చేపని పట్టుకోవడానికి కారణం అదే. 1981లో నేచర్ అనే సైన్సు పత్రికలో ఆయన పత్రం వచ్చాక దీని దశ తిరిగింది. ఆయన వాడిన ఏబీ అనే వంశం మొదలైంది కూడా ఒరెగాన్‌లోని ఆల్బనీ అనే ఊళ్లో ఒక పెంపుడు జంతువుల షాపులో కొన్న చేపలతోనే. మన హైదరాబాద్‌లోని కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో కూడా ఇవాళ జీబ్రాఫిష్ మీద పని నడుస్తోంది.

2002లో ఇంకో విషయం బయటపడింది. దీని గుండె కింది గదిలో అయిదో వంతు కత్తిరించేసినా రెండు నెలల్లో మళ్లీ పెరుగుతుంది. మన గుండెలో అలాంటి చోట మచ్చే మిగులుతుంది. 2013లో పూర్తి జన్యుక్రమం వచ్చాక మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి ఈ చేపలో జోడీ ఉందని తేలింది.

గాజుతొట్టి, రాజమండ్రి:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్ అండీ. ఇంకో సందేహం. ఇదివరకు తీసిన జీబ్రా పిల్లలు పెద్దయ్యాక చూస్తే దాదాపు అన్నీ మగవే. అన్నీ సన్నగా, పసుపుగా. ఒక చిన్న టబ్బులోనే అన్నిటినీ పెంచాను. ఇది మామూలేనా?

ల్యాబ్ నీళ్లు, హైదరాబాద్:

మామూలే, ల్యాబుల్లో కూడా ఇది తలనొప్పే. జీబ్రా పిల్లలన్నిటిలో మొదట అండాశయం లాంటి కణజాలమే మొదలవుతుంది. కొన్నిట్లో అది అలాగే పెరిగి ఆడవి అవుతాయి, మిగతావాటిలో అది కరిగిపోయి వృషణం తయారవుతుంది. ఆ మలుపు దగ్గర ఇరుకు, తిండి చాలకపోవడం, నీళ్లలో ఆక్సిజన్ తగ్గడం, ఎక్కువ వేడి, వీటిలో ఏదున్నా మగవైపు మొగ్గుతుంది. పిల్లల్ని విడివిడిగా పెద్ద తొట్లలో వేసి రోజుకి మూడు నాలుగుసార్లు మేత వేయండి. తేడా మీకే కనిపిస్తుంది.

ఇందులో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. నదుల్లో, పొలాల్లో పట్టిన అడవి జీబ్రాలకి ఆడ, మగ తేల్చే క్రోమోజోమ్ ఉంది. మొత్తం 25 జతల్లో నాలుగోదాని చివర అది ఉన్నట్టు 2014లో తేలింది. పక్షుల్లోలాగా ఇక్కడ రెండు రకాల క్రోమోజోమ్‌లు ఉండేది ఆడదానికి. ఏబీ, ట్యూబింజెన్ లాంటి పేరున్న ల్యాబ్ వంశాల్లో ఆ గుర్తు మాయమైంది. షాపుల నుంచి ల్యాబులకీ, తరం తర్వాత తరం మన తొట్లలోకీ వచ్చేసరికి ఆ ఏర్పాటు పోయి, చాలా జన్యువులూ పరిస్థితులూ కలిసి లింగాన్ని తేలుస్తున్నాయి. జాతి పేరు ఒకటే అయినా ట్యాంకులో చేప, పొలంలో చేప అన్ని విషయాల్లో ఒకటి కావు.

న్యూజెర్సీ నుంచి:

ఇక్కడ పెట్ షాపుల్లో ఎర్రగా, ఆకుపచ్చగా మెరిసే గ్లోఫిష్ అని అమ్ముతారు. అమెరికాలో 2003 చివర్లో అమ్మకం మొదలైంది. మొదట వచ్చినవి జీబ్రా డానియోలే. అంతకుముందు సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో జెల్లీఫిష్, పగడపు జీవుల జన్యువులు పెట్టి ఇలాంటి చేపలు తయారుచేశారు. మరి వీటిని వేరే జాతి అనాలా?

జువాలజీ టీచర్:

అనక్కర్లేదు. ఒక జన్యువు బయటినుంచి చేర్చినా అది డానియో రెరియోనే, మామూలు జీబ్రాతో కలిసి పిల్లల్ని పెడుతుంది. లెపర్డ్‌కి చెప్పిన న్యాయమే దీనికీ. అందుకే ఇవి బయటి నీళ్లలో పడకూడదు. బ్రెజిల్‌లో చేపల ఫారాల నుంచి తప్పించుకున్న ఈ మెరిసే డానియోలు అక్కడి వాగుల్లో బతికి గుడ్లు పెడుతున్నట్టు 2022లో వెల్లడైంది. మన దేశంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఎందుకంటే దీని సొంత ఇల్లు ఇక్కడే, అడవి జీబ్రాలు ఇక్కడే ఉన్నాయి.

వైజాగ్ ట్యాంకులు:

చట్టం కూడా చెప్తా. జన్యుమార్పిడి జీవుల్ని బయటికి వదలాలన్నా అమ్మాలన్నా 1989 నిబంధనల ప్రకారం కేంద్రంలోని జీఈఏసీ (జన్యుమార్పిడి జీవుల్ని పరిశీలించే కమిటీ) అనుమతి ఉండాలి. ఎవరైనా గ్లో చేపలని చూపిస్తే కొనకండి. కొన్నిచోట్ల మామూలు చేపలకి సూదితో రంగు ఎక్కించి అమ్ముతారు, అది ఇంకా దారుణం. ఆ చేపలు పుండ్లు పడి చస్తాయి.

సరే, నా అభ్యంతరం ఒకటుంది. టీచర్ గారూ, కోపం తెచ్చుకోకండి. సిప్రినస్ అన్నారు, డానియో అన్నారు, బ్రాకిడానియో అన్నారు, మళ్లీ డానియో అన్నారు. ఇప్పుడు కుటుంబం కూడా మార్చారంట. చేప మాత్రం అదే. పెంచేవాళ్లకి జీబ్రా అంటే చాలదా?

జువాలజీ టీచర్:

కోపం ఎందుకండీ, న్యాయమైన ప్రశ్న. కుటుంబం మారిన మాట నిజం. మొన్నటిదాకా బొచ్చె, శీలావతి ఉన్న సిప్రినిడే కుటుంబంలోనే దీన్నీ చెప్పేవాళ్లం. 2018లో టాన్, ఆర్మ్‌బ్రస్టర్ ఆ పెద్ద కుటుంబాన్ని విడగొట్టి, డానియోలూ రాస్బోరాలూ ఉన్న కొమ్మని డానియోనిడే అనే వేరే కుటుంబం చేశారు. క్రమం మాత్రం ఒకటే, సిప్రినిఫార్మిస్. కాబట్టి మీ జీబ్రాకి బొచ్చె దూరపు చుట్టమే. చుట్టరికం ఒంట్లో కనిపిస్తుంది. దవడల మీద పళ్లుండవు, గొంతులో ఉంటాయి. గాలితిత్తి నుంచి చెవిదాకా సన్నటి ఎముకల గొలుసు ఉంటుంది, దానివల్ల శబ్దం బాగా వింటాయి. జీర్ణాశయం అంటూ విడిగా ఉండదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. ఒకేసారి బోలెడు మేత వేయకుండా కొద్దికొద్దిగా వేయమనేది అందుకే. చూశారా, వర్గీకరణ మీ మేత డబ్బా దాకా వచ్చింది.

గాజుతొట్టి, రాజమండ్రి:

మరి జెయింట్ డానియో అని అమ్మేది? అది జీబ్రాకి అన్నగారా?

జువాలజీ టీచర్:

పేరుకే డానియో. అది డెవారియో ప్రజాతి. మనం షాపుల్లో చూసేది ఎక్కువగా డెవారియో ఈక్విపిన్నేటస్. ఇదివరకు డానియోలోనే ఉండేది, ఫాంగ్ పని తర్వాత డెవారియో వేరుగా స్థిరపడింది. పది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, శరీరం వెడల్పు. జీబ్రా నాలుగు సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. రెండిటినీ కలిపి పెంచితే మేతంతా పెద్దదే తినేస్తుంది.

ల్యాబ్ నీళ్లు, హైదరాబాద్:

వైజాగ్ అన్నా, పేరు ఎందుకు ముఖ్యమో మా రంగం నుంచి ఒక ఉదాహరణ. డానియోనెల్లా అనే చేప ఉంది, జీబ్రాకి బంధువే, మయన్మార్‌ది. పొడవు 12 మిల్లీమీటర్లే. పెద్దయ్యాక కూడా ఒళ్లంతా పారదర్శకం, తల మీద కపాలపు కప్పు లేదు, మెదడు బయటినుంచే కనిపిస్తుంది. మెదడు పరిశోధకులకి వరంలా దొరికింది. చాలా ల్యాబులు దాన్ని డానియోనెల్లా ట్రాన్స్‌లూసిడా అనుకుని పత్రాలు రాశాయి. 2021లో బ్రిట్జ్ బృందం ఎముకలూ జన్యువులూ పరిశీలించి, ల్యాబుల్లో ఉన్నది అది కాదు, పేరులేని వేరే జాతి అని తేల్చింది. డానియోనెల్లా సెరెబ్రమ్ అని పేరు పెట్టారు. అంత చిన్న చేపలో మగది గాలితిత్తిని కొట్టి, తన ఒంటి పొడవంత దూరంలో 140 డెసిబెల్స్‌కి పైగా శబ్దం చేస్తుందని 2024లో వచ్చింది. ఇప్పుడు ఎవరైనా ఆ చేపని వాగులో వెతకాలన్నా, పాత ఫలితాన్ని సరిచూడాలన్నా సరైన పేరు లేకపోతే వేరే చేపని పట్టుకుంటారు.

వైజాగ్ ట్యాంకులు:

ఇది ఒప్పుకుంటా తమ్ముడూ. మా హాబీలో కూడా ఒకటి గుర్తొచ్చింది. 2006లో మయన్మార్‌లో హోపోంగ్ దగ్గర దొరికిన ముత్యాల చుక్కల చేపని గెలాక్సీ రాస్బోరా అని అమ్మారు. 2007లో రాబర్ట్స్ దానికి సెలెస్టిక్తిస్ మార్గరిటేటస్ అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాదే అది డానియోలోకి మారింది. ఇప్పటికీ కొందరు రాస్బోరా అనే అడుగుతారు. రాస్బోరాకి చెప్పిన నీళ్ల లెక్కలు దీనికి వాడితే లాభం లేదు, దీనిది చల్లటి ఎత్తు ప్రదేశం.

చెరువుగట్టు, అరకు వైపు:

మా దగ్గర కొండవాగుల్లో నీలం చారలున్న చిన్న చేపలు గుంపులుగా తిరుగుతుంటాయి. పిల్లలు తువ్వాలుతో పడతారు. అవి జీబ్రాలేనా?

జువాలజీ టీచర్:

ఫొటో లేకుండా ఖాయంగా చెప్పలేను. తూర్పు కనుమల వాగుల్లో డెవారియోలు ఉన్నాయి కాబట్టి ముందు అదేనేమో చూడండి. గాజు సీసాలో కొన్ని నీళ్లు పోసి చేపని పక్కనుంచి చూడండి. జీబ్రా అయితే చారలు మొప్పల దగ్గర్నుంచి తోక చివరిదాకా తెగకుండా వెళ్తాయి, పొట్ట కింద వెనక రెక్క మీద కూడా చారలుంటాయి, నోటి పక్కన మీసాలు స్పష్టంగా కనిపిస్తాయి. డెవారియోలో మొప్పల వెనక చారలు తెగి చిందరవందరగా ఉంటాయి, మీసాలు పొట్టి. వర్షాకాలంలో వరిపొలాల్లోకి, కాలవ పక్కన నిలిచిన లోతులేని నీళ్లలోకి వచ్చేది జీబ్రా. గంగా, బ్రహ్మపుత్ర మైదానాల్లో చలికాలం బాగా చల్లబడ్డ నీళ్లనీ, ఎండాకాలం 38 డిగ్రీల నీళ్లనీ తట్టుకుంటుంది. అంత గట్టి చేప కాబట్టే ప్రపంచమంతా ట్యాంకుల్లో బతికింది. చూసిన తర్వాత ఆ చేపల్ని అదే వాగులో వదలండి. షాపులో కొన్నవాటిని మాత్రం ఆ వాగులో ఎప్పుడూ కలపొద్దు.

గాజుతొట్టి, రాజమండ్రి:

అయితే ఈ వారం నుంచి మొదలుపెడతాను. చారల మగ, చుక్కల ఆడ ఒక తొట్టి. ఆ పిల్లల్లో అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లనే మళ్లీ జతకట్టి రెండో తరం తీస్తాను. ల్యాబ్ గారూ, ఏం రావాలి?

ల్యాబ్ నీళ్లు, హైదరాబాద్:

మొదటి తరం అన్నీ చారలే రావాలి. మీ ఆడదానికి పొడుగు రెక్కల జన్యువు రెండు కాపీలూ ఉంటే వాటన్నిటికీ రెక్కలు పొడుగ్గా ఉంటాయి. ఒక్కటే ఉంటే సగానికి. రెండో తరంలో నాలుగింట ఒక వంతు చుక్కలవి తేలతాయి. మొదటి తరంలోనే సగం చుక్కలవి వస్తే మీ చారల మగదానిలో లెపర్డ్ కాపీ ఒకటి దాగి ఉందన్నమాట. అసలు రెండో తరం పుట్టడమే మీ మొదటి ప్రశ్నకి జవాబు. జీబ్రాని పెర్ల్ డానియోతో, అంటే డానియో ఆల్బోలినియేటస్‌తో కలిపితే పిల్లలు పుడతాయి గానీ ఆ పిల్లలు గొడ్డువి, అక్కడితో ఆగిపోతుంది. పిల్లల చారలు తేలడానికి నెల దాటాలి, అంతకుముందు లెక్కపెట్టొద్దు.

కొర్రమట్ట, కరీంనగర్:

అక్కా, ఒక్క మాట. గప్పీలైతే ఆడది పాత మొగదాని బీజం కడుపుల దాచుకుంటది, కన్నె ఆడదాన్నే తేవాలె. జీబ్రాకు ఆ తిప్పలు లేదు, గుడ్లు బయటనే ఫలిస్తయి. ఇప్పుడు మీ ట్యాంకుల ఉన్న ఆడదాన్నే తీస్కోవచ్చు. వారం రోజులు మొగోళ్లకు దూరం ఉంచి డెఫ్నియా (చిన్న నీటి పురుగులు), ఆర్టీమియా మంచిగ మేపి, అప్పుడు కలుపున్రి. తొట్టి మీద జత, తారీఖు రాసి అంటించున్రి, రెండో తరంల కల్తీ అయితే లెక్క కలవది.